నల్లా మూతికి కట్టిన గుడ్డ

సానివాడగా పేరుపడ్డ కామాఠీపురాలో పుట్టానని చెప్తే అవతలివాడి మూతి ఒక పక్కకు వంకర పోతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను ఆ వంకర. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి గోడలకు రాళ్ళు మోశాడు. మా నాయన సున్నం కలిపాడు. మాలాంటి తెలుగు కూలీలను ఇక్కడ కామాఠీలంటారు. వాళ్ళు కట్టిన మేడల్లో కూర్చున్నవాళ్ళే నన్ను ఆ మూతితో చూశారు. అది చెప్పుకుని ఏడవడానికి ఇది రాయడం లేదు. ఒక కాగితం గురించి రాస్తున్నాను. నేను తాగి పనికి వచ్చానని దాని మీద ఉంది. కింద నా వేలిముద్ర ఉంది.

అప్పటికి నాకు నలభై దాటాయి. అక్షరం ముక్క రాదు. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నీళ్ళ లేబొరేటరీ ఉండేది, అందులో పని. పైపులు బిగించాలి, పంపులకు నూనె వేయాలి, టాంకులు నింపాలి, అందరూ పోయాక నేల తుడవాలి. పదకొండేళ్ళ నుంచి టెంపరరీనే. ఆ ఏడాది పర్మనెంట్ లిస్టు తయారవుతోందని, అందులో నా పేరు ఉందని అన్నారు. బట్టల మిల్లుల సమ్మె నడుస్తున్న రోజులవి. వర్లిలో మా బామ్మర్ది మగ్గం వదిలి ఇంట్లో కూర్చున్నాడు. వాళ్ళ పొయ్యి మీదికీ మా ఇంటి బియ్యమే పోయేవి. ఆ లిస్టు రెండిళ్ళ అన్నం.

ముందు మా నల్లా సంగతి చెప్పాలి, లేకపోతే తక్కినది తెలియదు. మా చాల్లో, అంటే వరస గదుల మేడలో, ప్రతి కుటుంబానికీ ఒక ఖోలీ, ఒక్క గది. అందరికీ కలిపి కింద రెండు నల్లాలు. తెల్లవారుజామున నీళ్ళు వచ్చేవి, గంటన్నర ఉండి పోయేవి. నీళ్ళు వస్తుండగా నల్లా బంద్ చేసేవాడు మా గల్లీలో పుట్టలేదు. బిందె నిండితే పీపా, పీపా నిండితే చెంబులు, చెంబులు నిండితే పిల్లలు పాలు తాగే గ్లాసులు. అన్నీ నిండినా పూర్తిగా తిప్పరు. సన్నగా దారంలా వదిలి కింద ఏదో ఒకటి పెడతారు. వస్తున్న గంగను ఆపితే మళ్ళీ రాదని మా అమ్మ అనేది. నల్లా మూతికి పాత ధోవతి గుడ్డ ముక్క కడతాం, తుప్పు పొలుసులూ మట్టీ పడకుండా. గుడ్డ పొడుగ్గా వదిలితే నీళ్ళు దాని వెంబడి జారుతాయి, చప్పుడు కూడా ఉండదు.

ఆ ఏడాది పెద్ద సారు కొత్త ప్రయోగం పెట్టించారు. నా ఎత్తున ఒక ఇనుప టాంకు. దాని పక్క నుంచి, ఒక టేబుల్ మీదుగా, గాజు గొట్టం, ఇద్దరు మనుషులు ఒకరి కాళ్ళకు ఒకరు తల ఆనించి పడుకున్నంత పొడవు. గొట్టం మొదట్లో, టాంకు లోపలి వైపు, సన్నాయి చివర లాంటి చెక్క మూతి. దాని ముందు సన్నటి సూది, సూదిలోంచి ఊదారంగు నీళ్ళు. గొట్టం ఆ చివర వాల్వు. వాల్వు కొంచెం తిప్పితే నీళ్ళు మెల్లగా నడుస్తాయి. అప్పుడు ఆ రంగు దేనితోనూ కలవదు, గాజులో దారం పోసి లాగినట్టు చివరిదాకా తిన్నగా పోతుంది. ఇంకా తిప్పితే వేగం పెరుగుతుంది. ఒక చోటికి వచ్చాక దారం వణుకుతుంది. వణికిన మరు క్షణం చెదిరిపోతుంది, గొట్టమంతా ఊదా మసక.

ఎందుకు చెదురుతుందని ఒకసారి అడిగాను. పెద్ద సారు మంచి మూడ్‌లో ఉన్నారు, హిందీలో చెప్పారు. "నున్నటి గొట్టంలో నీళ్ళు తమంతట తాము చెదరవు. ఎంత వేగంగా పోయినా తిన్నగానే పోవాలని లెక్క చెబుతోంది. చెదిరాయంటే ఎవరో ఎక్కడో కదిలించారన్న మాట. వేగం పెరిగేకొద్దీ చిన్న కదలిక చాలు. దారాన్ని ఎంత వేగం దాకా నిలబెట్టగలమో చూడాలి." నాకు ఆ మాట నచ్చింది. నడుం బిగించి ఆ పనిలో పడ్డాను. టాంకు కాళ్ళ కింద ఇసుక బస్తాలు వేశాను, రోడ్డు మీద లారీ పోతే అదరకుండా. చెక్క మూతిని గరుకు కాగితంతో రుద్ది మైనం పట్టించాను, వేలు పెడితే జారిపోయేటట్టు. ముందురోజు సాయంత్రం నింపిన టాంకు మర్నాడు మధ్యాహ్నం దాకా కదలకూడదన్నారు. దాని పక్కన గట్టిగా దగ్గనైనా దగ్గలేదు.

ప్రయోగం చేసేది చిన్న సారు, పెద్ద సారు కింద చదువుకునే కుర్ర మనిషి. అతనికి గడువు దగ్గర పడుతోంది. కొన్ని రోజులు దారం చాలా వేగం దాకా నిలబడేది, అతను నోట్‌బుక్ నింపి ఈల వేసేవాడు. కొన్ని రోజులు సగం వేగానికే చెదిరిపోయేది. అదే టాంకు, అదే గొట్టం. పది రోజులు చూశాడు, ఇరవై రోజులు చూశాడు. నీళ్ళు తమంతట తాము చెదరవు కదా, ఎవరో కదిలించాలి. గదిలో ఉండేది మేమిద్దరం. తనను తాను అనుకోడు కదా.

నా ఎడమ కాలు కుంటు. పదమూడేళ్ళప్పుడు పరంజా మీంచి పడ్డాను. ఆ నడక చూసి చిన్న సారు ఆఫీసులో ఏం చెప్పాడో, హెడ్ క్లర్కు లాబ్ గుమ్మంలో నిలబడి పళ్ళు బయటపెట్టాడు.

"క్యా రే కామాఠీ, ఫోరస్ రోడ్ సారా దుకాన్ల ఎంత ఎక్కించినవ్ నిన్న? టేబుల్‌కు తగుల్తున్నవంట?"

అతను మాట్లాడింది హిందీ, నేను నా తెలుగులో రాస్తున్నాను. ఆ నవ్వుకు భాష అక్కర్లేదు.

నేను తాగనివాణ్ణి అని చెప్పను. ఆదివారం మధ్యాహ్నం తాగేవాణ్ణి, కోడికూరతో, ఇంట్లో కూర్చుని. పని రోజున ఎన్నడూ ముట్టలేదు. అది ఆ క్లర్కుకు తెలుసు. పదకొండేళ్ళు రోజూ పొద్దున అతని టేబుల్ మీద నీళ్ళ గ్లాసు పెట్టింది నేనే, నా నోటి వాసన అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు?

రెండు రోజులకు పిలిచాడు. టేబుల్ మీద వాన బూట్లు, నల్ల రబ్బరువి. పక్కన ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం, సిరా డబ్బా. "బూట్లు అందినయని అంగూఠా పెట్టు," అని నా బొటనవేలు చూపించాడు. పెట్టాను. కార్బన్ కాపీ నా చేతికిచ్చాడు. కాపీ ఇవ్వాలని రూలు. రూలు తప్పే మనిషి కాదు.

మా అంతస్తులోనే చివరి ఖోలీలో ఒక కంపోజిటర్ ఉండేవాడు. ప్రెస్సులో తెలుగు, ఇంగ్లీషు సీసపు అక్షరాలు ఏరి వరసగా పేర్చే పని అతనిది. వరసకు బావ. బూట్లు నాకు పెద్దవయ్యాయి, సైజు మార్చుకుందామని అతన్ని మా ఖోలీకి పిలిచి కాగితం ఇచ్చాను.

"బావా, ఏం నంబరు రాసిండ్రో సూడు. ఇండ్ల నా రెండు కాళ్ళు ఒక్కదాంట్లనే పడ్తున్నయ్."

అతను దీపం దగ్గరికి జరిగి చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళద్దాలు తీశాడు.

"ఇండ్ల బూట్లు లెవ్వు."

"మరేమున్నది?"

"నువ్వు తాగి డ్యూటీకి అచ్చినవట. మిషన్ కదిలిచ్చినవట. ఒప్పుకుంటున్న అని కింద నీ అంగూఠా."

నా భార్య గోడకు ఆనుకుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది. "అచ్చరం రానోని యేలు అంటే బజార్ల పడ్డ యేలే. ఎవడన్న తీస్కపోయి దేండ్లనన్న ముంచుతడు."

"నోర్ముయ్."

"నేను మూస్త. కాయిదం మూస్తదా?"

బూట్లు రెండూ గదుల ముందున్న గేలరీ మీంచి గల్లీలోకి విసిరేశాను. ఆమె దిగిపోయి తెచ్చి మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టింది. "బూట్లేం జేసినయ్ నీకు? వాన పడ్తున్నది," అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు క్లర్కు దగ్గరికి పోయి అడిగితే, "అంగూఠా ఎవరిది, నాది కాదుగా," అన్నాడు. పెద్ద సారు ఊళ్ళో లేరు.

ఆ వారం ఆదివారం వచ్చింది. వానాకాలం నల్లాలో టీ రంగు నీళ్ళు వస్తాయి. పీపాలో పట్టి, పటిక ముక్క చేత్తో పట్టుకుని కొన్ని చుట్లు తిప్పి వదిలేస్తే సాయంత్రానికి మట్టి అడుగుకు దిగుతుంది, పైన నీళ్ళు తేరుతాయి. ఆ రోజు పీపా జానెడు తక్కువగా ఉంది. ఒక చెంబులో నీళ్ళు మిగిలాయి. వెలితిగా ఉన్న పీపాను చూస్తే నాకు గుండెలో ఏదో అవుతుంది, మా వాళ్ళందరికీ అంతే. చెంబు ఎత్తి మెల్లగా అంచు వెంబడి పోశాను.

నా భార్య కేక పెట్టింది. "అయ్యయ్యో, తేరిన పీపాల పోస్తవేందయ్యా! పొద్దటిసంది కూసున్న మట్టి!"

"మెల్లగనే పోసిన గద. అంచుకే పోసిన."

"మెల్లగ పోస్తే నీళ్ళకు తెల్వదా?"

వంగి చూశాను. పైన ఏమీ లేదు, అద్దంలా ఉంది. కాసేపటికి అడుగు నుంచి, నేను పోసిన వైపు కాదు, అవతలి వైపు నుంచి, మట్టి సన్నగా లేచింది. అగరుబత్తి పొగలా మెలికలు తిరుగుతూ పైకి వచ్చింది. పీపా అంచు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. లాబ్ టాంకు గుర్తుకొచ్చింది.

లాబ్‌లో టాంకు నింపే నల్లా మూతికి గుడ్డ కట్టింది నేను. తుప్పు పడితే గాజు గొట్టం పాడవుతుందని కట్టాను, ఎవరూ చెప్పకుండానే. సాయంత్రం టాంకు నిండాక నల్లాను పూర్తిగా బంద్ చేయకుండా దారమంత వదిలింది కూడా నేనే. పొద్దునకు వేలెడు వెలితి పడినా నాకు మనసొప్పదు, ఎక్కువైనవి పొర్లు గొట్టంలోంచి పోతాయి కదా అనుకున్నాను. ఆ లైనుకు కాలేజీ వాళ్ళు సాయంత్రం రోజూ నీళ్ళు వదిలేవారు, రాత్రి నుంచి మాత్రం రోజు విడిచి రోజు హాస్టలు వైపు తిప్పేవారు. నీళ్ళు లేని రోజు నల్లా తెరిచి ఉన్నా నష్టం లేదు. నీళ్ళు ఉన్న రోజు అవి గుడ్డ వెంబడి, చప్పుడు లేకుండా, రాత్రంతా, పగలంతా, తేరిన టాంకులోకి జారుతూనే ఉన్నాయి. చిన్న సారు గొట్టం వైపు చూశాడు, టేబుల్ కాళ్ళు చూశాడు, నా కాళ్ళు చూశాడు. టాంకు వెనక గుడ్డ ఎవరు చూస్తారు?

నా కోపం రెండింతలయింది. ఇన్ని రోజులూ నా చెయ్యి శుభ్రంగా ఉందని కదా పళ్ళు కొరుక్కున్నాను. తాగలేదు, నిజం. టేబుల్‌కు తగల్లేదు, నిజం. కానీ నీళ్ళను కదిలించింది నేనే. ఇప్పుడు ఏ మొహంతో పోట్లాడాలి?

నా భార్య తేల్చేసింది. "రేపు పోయి నల్లా బంద్ చేయ్. నోరు గూడ బంద్ చేయ్. దారం నిలవడ్తది, ఆల్లు మర్శిపోతరు."

బావ ఒప్పుకోలేదు. "మనుషులు మర్శిపోతరు చెల్లె, కాయిదం మర్శిపోదు. లిస్టు రాసేటప్పుడు అదే ఎల్తది. పోయి నిజం చెప్పు బావా. చెప్పి చింపిచ్చుకో."

తప్పు చేసినవాణ్ణి తిట్టి ఉంచుకుంటారు, తాగినవాణ్ణి ఉంచుకోరు. అంత లెక్క నాకు తెలుసు. పెద్ద సారు తిరిగి వచ్చాక చెప్పాను. ఊరికే చెప్పలేదు, చూపించాను. నీళ్ళ రోజున నల్లా దారమంత వదిలి ప్రయోగం చేయమన్నాను. సగం వేగానికే చెదిరింది. తర్వాత నల్లా బిగించి, గుడ్డ విప్పి, రాత్రంతా వదిలేశాం. మర్నాడు మధ్యాహ్నం చిన్న సారు వాల్వు తిప్పాడు. చెడ్డ రోజున చెదిరే వేగం దాటింది. మంచి రోజున నిలిచే వేగం కూడా దాటింది. పెద్ద సారు నేల మీద గొంతుక్కూర్చుని గొట్టం పక్కనే మొహం పెట్టి చూస్తున్నారు. ఊపిరి తీస్తే ఎక్కడ చెదురుతుందో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. దారం గీత గీసినట్టు నిలబడింది. చిన్న సారు సంతోషంతో అరిచాడు.

"నీకెట్లా తట్టింది?" అన్నారు పెద్ద సారు.

పీపా సంగతి చెప్పాను. గట్టిగా నవ్వి వీపు తట్టారు. అదే సమయం అనుకుని అడిగాను. "సార్, నల్లా తప్పు నాది. తాగిన తప్పు నాది కాదు. ఆ కాగితం చింపించండి."

క్లర్కును పిలిపించారు. వాడు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా చెప్పాడు. "రికార్డులో పడ్డ కాగితం చింపకూడదు సాబ్. కావాలంటే ఇంకో కాగితం పెడదాం, నల్లా తెరిచి వదిలేసి కాలేజీ నీళ్ళు వృథా చేశాడని."

పెద్ద సారు నా వైపు చూశారు. గడియారం చూసుకున్నారు. "కొత్తది వద్దులే, పాతది ఉండనీ," అని మళ్ళీ గొట్టం దగ్గర కూర్చున్నారు. నేను అక్కడే నిలబడ్డాను. దారం ఇంకా తిన్నగానే ఉంది. చేత్తో ఆ గాజును రెండు ముక్కలు చేద్దామనిపించింది. చేయలేదు. రెండిళ్ళ అన్నం.

ఆ ఏడాది లిస్టులో నా పేరు రాలేదు. చిన్న సారుకు డిగ్రీ వచ్చింది, నాకు పాలకోవా పేడాల డబ్బా ఇచ్చాడు. ఆ ప్రయోగం మీద తను రాసిన లావుపాటి పుస్తకం ఒకటి లాబ్ బీరువాలో పెట్టాడు. దాన్ని ఒక శనివారం సంచిలో పెట్టి బావ దగ్గరికి తెచ్చాను. టాంకు ఎంతసేపు తేరాలో, నింపే నల్లాను పూర్తిగా ఎందుకు బంద్ చేయాలో, ఒక పేజీ నిండా రాసి ఉందట. మొదటి పేజీలో కృతజ్ఞతలు. పెద్ద సారుకు, అమ్మానాన్నలకు, టైపు చేసినామెకు. బావ రెండుసార్లు వెతికి పుస్తకం మూశాడు. దాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు, ఆదివారం, సీసా ముట్టకుండా బావ ఖోలీకి పోయి కూర్చున్నాను. "నేర్పు," అన్నాను.

ప్రెస్సులో పాడైన పెళ్ళిపత్రికలు తెచ్చేవాడు. ముందు వైపు చదవడం, వెనక వైపు రాయడం. నేను మొట్టమొదట కూడబలుక్కున్నది ‘చి.ల.సౌ.’ "ఇదేం మాట బావా?" అంటే, "మాట కాదు, మర్యాద. దాటేసి పిల్ల పేరు సదువు," అన్నాడు. గేలరీలో ఆడవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. "ఈ వయసుల ఎవలి పెండ్లి కుదిరిచ్చినవ్ మామా?" అనేవాళ్ళు. నా వేళ్ళు పైపు రెంచీ పట్టినవి, పెన్సిల్ విరిగిపోయేది. ఏడాదికి తెలుగు వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఒకే ఒక్క వాక్యం నేర్చుకున్నాను, ఆ కార్బన్ కాపీలో ఉన్నది. ఎక్కడ చూసినా గుర్తుపట్టేదాకా, ఒక్కో మాటకు అర్థం నోటికి వచ్చేదాకా రాశాను.

మూడేళ్ళకు మళ్ళీ లిస్టు. అదే క్లర్కు నా ఫైలు తెరిచి, పేజీలు తిప్పి, పెదవి విరిచాడు. "నీ మీద ఒక రిమార్క్ ఉంది."

"ఏముంది?"

"పాతది. నీకెందుకులే." ఫైలు నా వైపే తెరిచి ఉంది. దాచాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు.

ఆ కాగితం మీద వేలు పెట్టాను. ఆ వాక్యం మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఇంగ్లీషులో పైకి చదివాను. పక్క టేబుల్ దగ్గర టైపు మిషను ఆగిపోయింది. క్లర్కు టేబుల్ మీద పెన్ను తీసుకున్నాను. నా వేలిముద్ర కింద జాగా ఉంది. తెలుగులో రాశాను.

‘నేను తాగలేదు. బూట్లకని చెప్పి వేలిముద్ర వేయించారు. నల్లా బంద్ చేయలేదు, అది నా తప్పు.’ కింద నా పేరు రాశాను.

"ఏయ్, ఏం రాసినవ్? ఏ భాష ఇది?"

"తెలుగు. సదివిచ్చుకోండ్రి."

"రికార్డు ఖరాబ్ చేసినవ్! ఇప్పుడు ఈ పేజీ చింపాలి!"

"చింపుండ్రి," అన్నాను.

వాడు పేజీ అంచు పట్టుకున్నాడు. చింపితే నాకు కావలసిందే జరుగుతుందని తట్టినట్టుంది. తర్వాత వదిలి, ఫైలు మూసి, గుడ్డ పట్టీ బిగించి ముడి వేశాడు.

ఏడాది తిరిగాక పర్మనెంట్ అయ్యాను. ఎట్లా అయ్యానో ఎవరూ చెప్పలేదు, ఆ తెలుగును ఎవరితోనైనా చదివించారో లేదో కూడా తెలియదు. లాబ్‌లో నల్లాను ఆ తర్వాత ఎప్పుడూ పూర్తిగా బిగించేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఇప్పటికీ బిగించను.